రీఫ్ ట్యాంక్‌ను కప్పేస్తున్న పాలిప్స్: మరిగే నీళ్ళు వద్దు, రాళ్ళను ఒక్కొక్కటిగా బయటికి తీసి చేయండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తిరుపతిలో ఇంట్లో నాలుగడుగుల రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి), సంప్ అనే కింది ఫిల్టర్ తొట్టితో కలిపి 250 లీటర్ల నీళ్ళు. ఏడాది కిందట పెట్టిన చిన్న గ్రీన్ స్టార్ పాలిప్స్ (పువ్వుల్లా విచ్చుకునే చిన్న జీవుల గుంపుగా పెరిగే పగడం) ముక్క ఇప్పుడు సగం రాళ్ళ మీద, వెనక అద్దం మీద పరుచుకుంది. దాని మధ్యలో గోధుమరంగు బటన్ పాలిప్స్ గుంపులు, అక్కడక్కడ ఐప్టేసియా అనే కలుపు జీవి. మీరు పెంచుకుంటున్న మష్‌రూమ్, లెదర్ కోరల్ అనే పగడాలు చోటు లేక కుంచించుకుపోతున్నాయి. రాళ్ళు బయటికి తీసి మరిగే నీళ్ళు పోసి బ్రష్‌తో రుద్దేయమంటారా, లేక ట్యాంక్‌లోనే ఏదైనా మందు వేస్తే పోతుందా అని.

మరిగే నీళ్ళ ఆలోచన పూర్తిగా మానుకోండి. ఇది ట్యాంక్ బాగు కోసం కాదు, ఇంట్లో మనుషుల కోసం చెబుతున్నాను. మీరు చెప్పిన గోధుమరంగు బటన్ పాలిప్స్ చాలావరకు పాలిథోవా అయ్యుంటాయి. ఆ జాతిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో మూర్, షోయర్ అనే రసాయన శాస్త్రజ్ఞులు దీన్ని వేరుచేశారు. ప్రోటీన్ కాని విషాల్లో ఇంతకంటే ప్రమాదకరమైనవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మన కణాల్లో సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి పంపే పంపు ఒకటి ఉంటుంది. పాలిటాక్సిన్ ఆ పంపుకు అతుక్కుని దాన్ని తెరిచిన తలుపులా నిలబెట్టేస్తుంది. పొటాషియం బయటికి, సోడియం లోపలికి అదుపు లేకుండా పోతుంటాయి. గుండె, కండరాలు, ఊపిరితిత్తులు దెబ్బతినేది అందుకే. వేడికి ఈ విషం తేలిగ్గా విరగదు, ఆవిరితోపాటు తుంపర్లుగా గాల్లోకి లేస్తుంది. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఇంటి ట్యాంక్‌లోంచి తీసిన పగడాన్ని శుభ్రం చేస్తుండగా కుటుంబమంతా ఆసుపత్రి పాలైంది. మన ఇళ్ళల్లో ట్యాంక్ ఏసీ గదిలో ఉంటుంది, రాళ్ళు కడిగేది బాత్రూంలో. రెండూ మూసి ఉండే చోట్లే. అక్కడ మరిగే నీళ్ళు పోయడం, ప్రెషర్ వాషర్ కొట్టడం, గట్టి బ్రష్‌తో రుద్దడం, ఈ మూడూ ఒకే రకం ప్రమాదం.

అన్ని పాలిథోవాల్లో విషం ఒకే మోతాదులో ఉండదు, కొన్నింట్లో దాదాపు ఉండకపోవచ్చు కూడా. కానీ కంటితో చూసి ఏది ఏదో చెప్పే దారి లేదు. అందుకని అన్నింట్లోనూ ఉందనుకునే పని చేయాలి.

ఇక అసలు సంగతి. ఈ పాలిప్స్ అన్నీ ముక్కల నుంచి పెరిగేవే. ట్యాంక్ లోపలే గీకితే పది చోట్ల నాటినట్టే. ఊడిన ముక్క పవర్‌హెడ్ (నీటిని తిప్పే చిన్న పంపు) ప్రవాహంలో కొట్టుకుపోయి ఏ రాతి సందులోనో కూర్చుంటుంది, నెల తిరిగేసరికి అక్కడ కొత్త గుంపు. కాబట్టి ఏ రాయి బయటికి వస్తుందో, ఏది రాదో ముందు తేల్చుకోవాలి. బయటికి వచ్చే ప్రతి రాయి పనీ బకెట్‌లో జరగాలి. ట్యాంక్ లోపల చేసేది, బయటికి రాని రాళ్ళకు మాత్రమే.

మొదలుపెట్టే ముందు ఏది ఏమిటో గుర్తుపట్టండి, ఎందుకంటే ఒకదానికి చేసే పని ఇంకొకదానికి బెడిసికొడుతుంది. గ్రీన్ స్టార్ పాలిప్స్‌కు ఒక్కో పాలిప్‌కు సరిగ్గా ఎనిమిది రెక్కలు ఉంటాయి. ముడుచుకున్నప్పుడు ఊదారంగు రబ్బరు పొర మాత్రమే కనిపిస్తుంది. పాలిథోవా తల గుండ్రంగా, సెంటీమీటరు నుంచి రెండున్నర దాకా వెడల్పు, అంచు చుట్టూ పొట్టి మీసాలు. ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే కాడ చర్మంలో ఇసుక రేణువులు పొదిగినట్టు కనిపిస్తాయి. రంగురంగుల జోవాంథస్ కాడలు నున్నగా ఉంటాయి, ఇసుక ఉండదు. ఈ ఒక్క తేడాతో చాలావరకు తేలిపోతుంది. చేత్తో తాకి చూడకండి. ఐప్టేసియా ఒంటరిగా నిలబడుతుంది. సన్నటి పొడుగు కాడ, పారదర్శకంగా గోధుమరంగు, పొడుగాటి మొనదేలిన మీసాలు, నీడ పడితే చటుక్కున కన్నంలోకి లాక్కుంటుంది. మొద్దుగా, మీసాల చివర ఉబ్బుగా ఉంటే అది మహానో, దానికీ ఐప్టేసియాకూ మందు ఒకటే.

ఒక కాగితం మీద రాళ్ళ బొమ్మ గీసి ఏ రాయి మీద ఏముందో రాసుకోండి. ఒకే రాయి మీద గ్రీన్ స్టార్, పాలిథోవా కలిసి ఉంటే దాన్ని పాలిథోవా రాయిగానే లెక్కపెట్టండి. గ్రీన్ స్టార్ పొరను పట్టి లాగినప్పుడు దాని కింద దాక్కున్న పాలిథోవా చిరిగి మొహం మీదికి చిమ్ముతుంది. చాలామందికి దెబ్బ తగిలేది ఇక్కడే.

క్రమం ఇలా పెట్టుకోండి: ముందు పాలిథోవా రాళ్ళు, ఆ తర్వాత అద్దం మీది గ్రీన్ స్టార్, తర్వాత గ్రీన్ స్టార్ రాళ్ళు. ఐప్టేసియా పని మధ్యమధ్యలో. ఒక విడతలో మొత్తం రాళ్ళలో మూడో వంతుకు మించి తీయొద్దు. ట్యాంక్‌లో అమ్మోనియాను తినే బాక్టీరియా ఎక్కువ భాగం ఆ రాళ్ళలోనే ఉంటుంది. విడతకూ విడతకూ కనీసం రెండు వారాలు, మధ్యలో రెండు మూడుసార్లు అమ్మోనియా టెస్ట్. సున్నా రాకపోతే తర్వాతి విడత వాయిదా వేయండి.

పాలిథోవా పనికి ముందు సిద్ధం చేసుకోవాల్సినవి చెబుతాను. మోచేతి దాకా వచ్చే నైట్రైల్ గ్లవ్స్, కళ్ళను అన్ని వైపులా మూసే గాగుల్స్ (మామూలు కళ్ళద్దాలు చాలవు), ఎన్95 మాస్క్, మూత ఉన్న 20 లీటర్ల బకెట్లు మూడు, లిక్విడ్ బ్లీచ్. చేతి మీద గాయముంటే ఆ రోజు పని పెట్టుకోకండి. ఏసీ ఆపి, కిటికీలు తెరిచి, పిల్లల్నీ పెంపుడు కుక్కనూ వేరే గదిలోకి పంపండి. కుక్కలు కింద పడిన ముక్కను నాకినా చాలు, ప్రాణం మీదికి వస్తుంది.

రాయిని ట్యాంక్ నీళ్ళలోనే మెల్లగా కదిపి, నీళ్ళున్న బకెట్‌లోకి జార్చండి. బకెట్‌ను ట్యాంక్ పక్కనే పెట్టి, రాయి బయట ఉండేది రెండు మూడు సెకన్లే అయ్యేట్టు చూసుకోండి. రాయి మీద ఇరవైకి మించి పాలిప్స్ ఉంటే వాటిని గీకే ప్రయత్నమే వద్దు, రాయి మొత్తం బ్లీచ్‌లోకి పోవాల్సిందే. దాని మీద బతికున్న పురుగులూ స్పాంజీలూ పోతాయి, నిజమే. కానీ ఆ రాయి మళ్ళీ పనికొస్తుంది. ఐదారు పాలిప్సే ఒక మూల ఉంటే, రాయిని ట్యాంక్ నీళ్ళున్న బకెట్‌లో ముంచి ఉంచి, పాలిప్ గుంపుకు సెంటీమీటరు దూరంగా రాతిలోకి ఉలి పెట్టి చిన్న సుత్తితో కొట్టి ఆ చెక్క మొత్తాన్ని విడగొట్టండి. ఉలి పాలిప్‌కు తగలకూడదు, కోసేది రాయినే. నీళ్ళ కింద చేస్తే చిమ్మేది నీళ్ళలోనే ఆగుతుంది. విడిన చెక్కను వెంటనే బ్లీచ్ బకెట్‌లో వేయండి. మిగిలిన రాయిని ఇంకో బకెట్ శుభ్రమైన ట్యాంక్ నీళ్ళలో ఒకసారి ముంచి కదిపి ట్యాంక్‌లో పెట్టేయొచ్చు.

బ్లీచ్ సంగతి వివరంగా చెప్పాలి. లేబుల్ మీద సోడియం హైపోక్లోరైట్ 4–5 శాతం అని ఉన్న, సువాసన గానీ సబ్బు గానీ కలపని లిక్విడ్ బ్లీచ్ తీసుకోండి. ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్ళు, అంటే 20 లీటర్ల బకెట్‌కు 2 లీటర్లు. కనీసం 0.1 శాతం హైపోక్లోరైట్‌లో అరగంట నానితే పాలిటాక్సిన్ పనిచేయకుండా పోతుంది. కానీ అది కత్తులూ గ్లవ్స్ వంటి వాటికి. రాయి మీద కండ ఉన్నప్పుడు ఆ కండే బ్లీచ్‌ను తినేస్తుంది, కాబట్టి 24 గంటలు ఉంచి, ఆ ద్రావణం పారబోసి, కొత్తది కలిపి ఇంకో 24 గంటలు ఉంచండి. ఇదంతా మిద్దె మీద, మూత పెట్టి, నీడలో. ఎండలో బ్లీచ్ బలం తగ్గిపోతుంది. మున్సిపాలిటీ వాళ్ళు చల్లే బ్లీచింగ్ పౌడర్‌తోనూ పని జరుగుతుంది గానీ దాని సున్నపు మడ్డి రాతి రంధ్రాల్లో పేరుకుని కడగడం కష్టం. ఒక హెచ్చరిక: బ్లీచ్ ఉన్న బకెట్‌లోకి బాత్రూం యాసిడ్ గానీ, టాయిలెట్ క్లీనర్ గానీ, వెనిగర్ గానీ పోయకండి. వచ్చేది క్లోరిన్ వాయువు.

రెండు రోజుల తర్వాత ఆ నీళ్ళు డ్రైనేజీలో పారబోసి, మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, 20 లీటర్లకు 20 గ్రాముల సోడియం థయోసల్ఫేట్ కలిపి రాత్రంతా నానబెట్టండి. ల్యాబ్ కెమికల్స్ అమ్మే చోట హైపో అంటే ఇస్తారు. పొద్దున వాసన చూసి క్లోరిన్ ఆనవాలు లేకపోతే ఇంకోసారి కడిగి ఎండబెట్టండి. మన మే నెల ఎండకు వారం చాలు, వానాకాలంలో రెండు మూడు వారాలు. ఆ రాయిని ట్యాంక్‌లో పెట్టినప్పుడు అది కొత్త రాయిగానే లెక్క. బాక్టీరియా మళ్ళీ పట్టాలి, కొన్నాళ్ళు గోధుమరంగు పూత కూడా వస్తుంది. భయపడొద్దు. ఆ రాయికి బదులు సముద్రం ఒడ్డున దొరికే పగడపు రాయి తెచ్చుకోవాలని మాత్రం చూడకండి. రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. షాపుల్లో సిమెంటుతోనూ అరగొనైట్‌తోనూ చేసిన రాళ్ళు దొరుకుతున్నాయి, అవి చాలు.

ఒకవేళ పని చేస్తుండగా కళ్ళలోకి చిమ్మితే, పారే నీళ్ళ కింద కనీసం పదిహేను ఇరవై నిమిషాలు కడిగి నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. నల్లగుడ్డు దెబ్బతినే అవకాశం ఉంది కాబట్టి రేపు చూద్దాంలే అనుకోకండి. నోట్లో చేదుగా లోహపు రుచి, చలి జ్వరం, దగ్గు, ఛాతీ బిగుసుకోవడం, కండరాల నొప్పి, వీటిలో ఏది కనిపించినా పని ఆపి గాల్లోకి వచ్చి, రుయాకో స్విమ్స్‌కో ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఈ లక్షణాలు కొన్ని గంటల తర్వాత కూడా మొదలవుతాయి. అక్కడ మీరు వాడాల్సిన మాట పాలిటాక్సిన్. కాగితం మీద రాసి ఇవ్వండి. ఈ విషం అరుదు కాబట్టి చూసీ చూడగానే డాక్టర్లకు తట్టదు. మీరు చెబితే ఈసీజీ, పొటాషియం, సీపీకే (కండరాల దెబ్బను చూపేది) పరీక్షలు వెంటనే చేస్తారు.

బయటికి రాని రాయి మీద పాలిథోవా ఉంటే? అడుగున ఇరికించిన పెద్ద రాళ్ళకు ఈ పరిస్థితి వస్తుంది. అక్కడ జెల్ రూపంలో ఉండే సయనోఅక్రిలేట్ జిగురు, మనం వాడే ఫెవిక్విక్ జెల్ లాంటిది, పనికొస్తుంది. నీళ్ళలా జారే మామూలు రకం వద్దు, అది నీళ్ళలో దారాల్లా తేలిపోతుంది. పంపులన్నీ ఆపి, పొడుగాటి పుల్లతో తాకి పాలిప్ ముడుచుకునేట్టు చేసి, దాని మీదా చుట్టూ అర సెంటీమీటరు వెడల్పునా జిగురు పరిచి, పైన ఒక చిన్న రాతి పలుకు ఒత్తి పెట్టండి. లోపల ఊపిరి, వెలుతురు రెండూ అందక చస్తుంది. విడతకు ఐదారు మించొద్దు. ఒకేసారి ముప్పై చంపితే లోపల కుళ్ళిన దాంతో చేపలు పోతాయి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, అంచులు వదిలేయడం. పాలిప్ జిగురు కింది నుంచి పక్కకు పాకి మూడో వారంలో తల బయటపెడుతుంది. కనిపించిన వెంటనే దాని మీద మళ్ళీ జిగురు.

ఇక గ్రీన్ స్టార్. ఇందులో పాలిటాక్సిన్ గొడవ లేదు కాబట్టి గ్లవ్స్, గాగుల్స్‌తో ధైర్యంగా చేయొచ్చు. అద్దం మీది పొరతో మొదలుపెట్టండి, అది తేలిక. ముందు హీటర్, రిటర్న్ పంపు (సంప్ నుంచి నీళ్ళు పైకి పంపేది) స్విచ్ ఆపండి. నీటి మట్టం తగ్గి హీటర్ బయటపడి వేడిగా ఉంటే గాజు పగులుతుంది. పై అంచున రేజర్ బ్లేడును అద్దానికి దాదాపు పడుకోబెట్టినట్టు పట్టి పొరను ఒక సెంటీమీటరు లేపండి. లేచిన అంచును పట్టుకుని చాప చుట్టినట్టు కిందికి చుట్టుకుంటూ రావచ్చు. ఇంకో చేత్తో, లేదా ఇంట్లో వాళ్ళ సాయంతో, సైఫన్ పైపు మూతిని బ్లేడు కిందే ఉంచండి. రాలే ఊదారంగు తునకలన్నీ బకెట్‌లోకి పోవాలి. ఇలా పోయే నీళ్ళు 40–50 లీటర్లు అవుతాయి, అదే ఆ వారపు నీటి మార్పు అనుకోండి. 50 లీటర్ల కొత్త నీళ్ళకు దాదాపు 1.85 కిలోల ఉప్పు పడుతుంది. ముందురోజే కలిపి, సాంద్రత 1.025 దగ్గరకు తెచ్చి, ఉష్ణోగ్రత సరిచూసి పెట్టుకోండి.

రాళ్ళ మీది పొర మొండిది, ఎందుకంటే రాతి ప్రతి గుంటలోకీ అది వేళ్ళు దించినట్టు దిగి ఉంటుంది. మూడు బకెట్లు ట్యాంక్ నీళ్ళతో పెట్టుకోండి. ఒకటి రాయి వేచి ఉండటానికి, ఒకటి పీకి రుద్దడానికి, ఒకటి చివరిగా కడగడానికి. రాయి బయటికి రాగానే పాలిప్స్ లోపలికి ముడుచుకుంటాయి. ఐదు నిమిషాలు ఆగితే పొర బిగుస్తుంది, అప్పుడే పట్టు దొరుకుతుంది. మొద్దు పుట్టీ బ్లేడుతో అంచు లేపి, రాతికి సమాంతరంగా నెమ్మదిగా లాగండి. పైకి ఎత్తి లాగితే చిరుగుతుంది. పెద్ద ముక్కలు వచ్చేశాక గట్టి బ్రష్‌తో రుద్దండి. ఇంత చేసినా గుంటల్లో ఊదా చుక్కలు మిగులుతాయి. మళ్ళీ పెరిగేది అక్కడి నుంచే కాబట్టి ఓపికంతా వాటి మీద పెట్టాలి.

వాటికి సున్నం. రీఫ్ వాళ్ళు కాల్క్ అనేది అదే, కాల్షియం హైడ్రాక్సైడ్. పొడికి కొంచెం కొంచెంగా ఆర్వో నీళ్ళు కలిపి కిళ్ళీకి రాసే సున్నమంత గట్టిగా చేసుకోండి. టిష్యూతో గుంట తడి అద్ది, చిన్న పుల్లతో లోపలికి నింపండి. ఐదు నిమిషాలు ఉంచి మూడో బకెట్‌లో బాగా కదిపి కడగండి. సంతృప్త సున్నపు నీటి పీహెచ్ 12.4 దాకా ఉంటుంది, ఆ ఘాటుకు కండ ఉడికినట్టయిపోతుంది. గ్లవ్స్ తీయకండి. కిళ్ళీ కొట్లో సున్నమే వాడొచ్చా అని మన వైపు చాలామంది అడుగుతారు. రసాయనం ఒకటే గానీ అందులో కాచు తునకలు, సువాసనలు, ఇంకేమేం కలిసుంటాయో తెలియదు. గోడలకు వేసే సున్నంలో నీలిమందూ జిగురూ కలుస్తాయి. ల్యాబ్ రకం కాల్షియం హైడ్రాక్సైడ్ అరకిలో పెద్ద ఖర్చేమీ కాదు, అదే కొనండి. తేమ తగలకుండా మూత బిగించి పెట్టాలి, గాలి తగిలితే కార్బనేట్‌గా మారి పనికిరాకుండా పోతుంది.

రాయి బకెట్‌లో ఉన్నంతసేపు మన ఎండను మరచిపోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో నీడలో పెట్టిన బకెట్ కూడా 33–34 డిగ్రీలకు ఎక్కేస్తుంది. ఉదయం ఎనిమిదిలోపే పని ముగించండి. వీలుకాకపోతే నీళ్ళు గడ్డకట్టించిన అరలీటరు సీసా ఒకటి బకెట్‌లో తేలనివ్వండి, చిన్న పవర్‌హెడ్ కూడా వేయండి. కరెంటు పోయే వేళల్ని చూసుకుని మొదలుపెట్టడం మంచిది. సగం రాళ్ళు బయట ఉండగా పంపులు ఆగితే లోపల ఉన్నవాటికి ఆక్సిజన్ చాలదు.

ఐప్టేసియాను గీకొద్దు, కొయ్యొద్దు. అడుగుభాగం తునక మిగిలినా అది పూర్తి జీవి అవుతుంది. ఇదే సున్నం కొంచెం పలచగా చేసి, సూది లేని సిరంజిలోకి తీసి, పంపులన్నీ ఇరవై నిమిషాలు ఆపి, మీసాలు విచ్చుకుని ఉండగా నోటి మీద నెమ్మదిగా వదలండి. ఆహారమనుకుని తీసుకుంటుంది. కన్నంలోకి లాక్కున్నాక ఆ కన్నాన్ని కూడా సున్నంతో మూసేయండి. ఇది ట్యాంక్ లోపలే చేస్తాం కాబట్టి మోతాదు ముఖ్యం. మీ 250 లీటర్లలో ఒక గ్రాము పొడి పూర్తిగా కరిగితే పీహెచ్ 0.14 దాకా పెరుగుతుంది. విడతకు ఒక గ్రాము, అంటే అర టీస్పూన్ లోపు, దాటకండి. మర్నాడు మళ్ళీ చేసుకోవచ్చు. పీహెచ్ 8.5 దగ్గరున్న రోజు అసలు చేయొద్దు. పక్కనున్న మష్‌రూమ్ మీద సున్నం పడితే చిన్న పైపెట్‌తో వెంటనే ఊదేయండి, లేకపోతే అంతమేరా తెల్లబడి కరిగిపోతుంది.

ఐప్టేసియాను తినే జీవులూ ఉన్నాయి. పెప్పర్‌మింట్ రొయ్య బాగా పనిచేస్తుంది, కానీ మన వాళ్ళు చేపలు తెచ్చుకునే చెన్నై కొళత్తూరు మార్కెట్‌లో ఆ పేరుతో క్యామెల్ రొయ్యను అంటగట్టడం ఉంది. పెప్పర్‌మింట్ ఒళ్ళు దాదాపు పారదర్శకంగా, నిలువు ఎర్రగీతలతో ఉంటుంది. క్యామెల్‌కు వీపు మీద గూని, ఎరుపు మధ్యలో తెల్లటి గీతలూ చుక్కలూ. ఇది మెత్తటి పగడాలనే కొరుకుతుంది, పోనీ ఆ పాలిప్స్‌ను తింటుందిలే అనుకుంటే మీ మష్‌రూమ్‌లూ పోతాయి. బెర్గియా అనే సముద్రపు నత్త ఐప్టేసియా తప్ప ఇంకేమీ తినదు, కానీ దొరకడం కష్టం. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప ఐప్టేసియాను తింటుంది గానీ, ఇంటి ట్యాంక్‌లో ఆహారం పట్టక చచ్చిపోయేవే ఎక్కువ. ఒక తెగులు కోసం చేపను బలిపెట్టమని నేను చెప్పను. గ్రీన్ స్టార్‌నూ పాలిథోవానూ నమ్మకంగా తినిపెట్టే చేప ఏదీ లేదు, ఎవరైనా ఉందంటే కొనకండి.

మందు గురించి అడిగారు. పశువుల మందుల షాపులో దొరికే ఫెన్‌బెండజోల్ అనే నట్టల మందు గ్రీన్ స్టార్, జీనియా, క్లోవ్ పాలిప్స్ వంటి ఎనిమిది రెక్కల జాతుల్ని చంపుతుంది, ఇది నిజం. కానీ మీ లెదర్ కోరల్ కూడా ఎనిమిది రెక్కల జాతే. దాంతోపాటు నత్తలు, ఈక పురుగులు, ఇసుకలోని పురుగులు చస్తాయి, ఆ శవాలతో అమ్మోనియా లేస్తుంది. పైగా మందు రాళ్ళలోకి ఇంకి నెలల తర్వాత కూడా కొత్త నత్తల్ని చంపుతుంటుంది. పాలిథోవాకు ఇది నమ్మదగిన మందూ కాదు. మీ ట్యాంక్‌లో వద్దు.

ప్రతి విడత తర్వాత యాక్టివేటెడ్ కార్బన్ తప్పనిసరి. 250 లీటర్లకు 100 గ్రాములు, దుమ్ము పోయేదాకా ఆర్వో నీళ్ళతో కడిగి, సంప్‌లో నీళ్ళు దాని గుండా పారేట్టు సంచిలో పెట్టండి. రెండు రోజులకు మార్చేయండి. తెగిన పాలిప్స్ వదిలే జిగటా విషాలూ మిగతా పగడాల్ని కుంగదీస్తాయి. ఆ రెండు రోజులూ స్కిమ్మర్‌ను (నురగతో మురికిని లాగే పరికరం) కాస్త పలచటి నురగ వచ్చేలా పెట్టండి.

ఆహారం మాన్పించి పాలిప్స్‌ను ఎండగడదామని చూడకండి. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు దించితే ముందు నీరసపడేది మీ మంచి పగడాలే, ఆ ఖాళీలోకి డైనోఫ్లాజెలేట్స్ అనే గోధుమ జిగట వస్తుంది. నైట్రేట్ 5–10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం మధ్య ఉంచితే చాలు. మీ ఫాస్ఫేట్ దీనికి చాలా ఎక్కువ ఉంటే మాత్రం కారణం నీళ్ళలో వెతకండి. ఇంట్లో తాగే ఆర్వో మెషీన్లలో రుచి కోసం కొంత బోరు నీటిని తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది, అందుకే బయటికొచ్చే నీటి టీడీఎస్ 50 నుంచి 150 దాకా చూపిస్తుంది. రీఫ్ ట్యాంక్‌కు సున్నా కావాలి. ఆ కలిపే వాల్వ్ పూర్తిగా మూసి, చివర మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి తగిలించండి.

తీసిన పాలిప్స్‌ను ఏం చేయాలన్నది చాలామంది పట్టించుకోరు. గ్రీన్ స్టార్ ముక్కల్నీ, తుడిచిన టిష్యూల్నీ, అన్నింటినీ బ్లీచ్ బకెట్‌లో ఒక రోజు ఉంచాకే చెత్తలో వేయండి. పారేయబుద్ధి కాక తూపిలిపాలెం వెళ్ళినప్పుడు సముద్రంలో వదిలేయడం లాంటివి చేయకండి. వెనెజులా తీరంలో అక్వేరియం నుంచి వదిలిన, జీనియా కుటుంబపు పగడమొకటి స్థానిక దిబ్బల్ని కప్పేసి మత్స్యకారుల పొట్ట కొట్టింది. ఎవరికైనా ఇచ్చేటట్టయితే గ్రీన్ స్టార్ ఇవ్వొచ్చు, పాలిథోవా మాత్రం విషం సంగతి చెప్పకుండా ఇవ్వకండి.

గ్రీన్ స్టార్ అందం మీద మీకు మమకారం ఉంటే, దాన్ని ఇసుక మధ్యలో ఒక విడి రాయి మీద పెట్టండి. చుట్టూ కనీసం పది సెంటీమీటర్ల ఇసుక వదలండి. కదిలే ఇసుకను దాటి తేలిగ్గా పాకలేదు. అద్దానికి దగ్గరగా పెడితే మాత్రం అద్దమెక్కుతుంది.

ఇకపై కొత్త ముక్క ఏది కొన్నా, అది అతికించి ఉన్న ప్లగ్‌తో (అడుగు బిళ్ళతో) సహా ట్యాంక్‌లో పెట్టకండి. ప్లగ్ అడుగునే ఈ తెగుళ్ళన్నీ దాక్కుని వస్తాయి. పగడాన్ని ప్లగ్ నుంచి వేరుచేసి కొత్త దాని మీద అతికించి, విడిగా ఒక చిన్న ట్యాంక్‌లో నాలుగైదు వారాలు ఉంచి చూడండి.

పని అయ్యాక మూడు నెలలపాటు వారానికోసారి, తెల్ల లైట్లు ఆపి నీలి లైట్లలో నారింజరంగు ఫిల్టర్ గుండా చూడండి. ఆవగింజంత కొత్త గ్రీన్ స్టార్ పాలిప్ కూడా ఆకుపచ్చగా మెరిసి కనిపిస్తుంది. ఆ దశలో ఒక్క చుక్క జెల్ జిగురుతో పోతుంది. ఇప్పటికైతే పాలిథోవా అని మీరు అనుకుంటున్న వాటి ఫొటోలు పెట్టండి. నీలి లైటులో తీసినవి కాదు, తెల్ల లైటులో, కాడ కనిపించేలా పక్క నుంచి తీసినవి. అవి చూశాక ఏ రాయి బ్లీచ్‌కు పోవాలో, ఏది ఉలితో సరిపోతుందో చెబుతాను. అప్పటిదాకా ఆ రాళ్ళను కదపకండి.